యాభై లక్షల గ్రాంటు, అక్కడిదాకా వెళ్లే దారి

ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట చౌరస్తాకు వచ్చే దారిలో నిమ్స్ ఆసుపత్రి ముందు నుంచి మనలో చాలామందిమి రోజూ వెళ్తుంటాం. ఎవరినైనా చూడ్డానికో, ఎవరి బిల్లుకో సాయం పట్టుకునో లోపలికి కూడా వెళ్లి ఉంటాం. ఆ ఆసుపత్రికి సంబంధించిన ఒక సంగతిని అబ్దుల్ కలాం గారు జీవితాంతం సభల్లో చెబుతూ వచ్చారు. ఆయన హైదరాబాద్‌లో క్షిపణుల పనిలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టరు ఒకాయన వాళ్ల ప్రయోగశాల చూడ్డానికి వెళ్లారట. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాం గారిని తన వార్డుకు తీసుకెళ్లారట. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోల పైబడిన ఇనుప క్యాలిపర్లను కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లోనే కలాం గారి బృందం 300 గ్రాముల క్యాలిపర్లు తయారుచేసి ఇచ్చింది. 1990ల్లోనే గుండె డాక్టరు సోమరాజు గారితో కలిసి, మన దేశంలో చవగ్గా దొరికేలా గుండె స్టెంటు కూడా తయారుచేశారు. దాన్ని కలాం–రాజు స్టెంటు అంటారు.

ఈ కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు కలాం గారి గొప్పతనం దగ్గరే ఆగిపోతాం. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ పదార్థానికి, ఆ ప్రయోగశాలకు, ఆ జీతాలకు డబ్బు ప్రభుత్వానిది. వార్డులో ఇబ్బందిని కళ్లారా చూసినవాడు డాక్టరు. ఇద్దరూ కలిసింది మాత్రం అనుకోకుండా. ఆ డాక్టరు ఆ రోజు అటు వెళ్లకపోతే క్యాలిపర్ లేదు.

ఇలాంటి కలయికను అదృష్టానికి వదిలేయకుండా, చిన్నవాళ్ల చేతికే పరిశోధన డబ్బు ఇవ్వాలన్న ఆలోచన అమెరికాలో 1982లో చట్టమైంది. పెద్ద ప్రభుత్వ శాఖలు తమ పరిశోధన బడ్జెట్‌లో కొంత భాగం చిన్న కంపెనీలకు ఇచ్చి తీరాలన్నది ఆ చట్టం. మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2005లో ఇలాంటి పథకమే ఎస్‌బిఐఆర్‌ఐ పేరుతో మొదలుపెట్టింది. 2012లో ఈ పనులన్నీ చూడ్డానికి బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. దాని పథకాల్లో మన పిల్లలకు అందుబాటులో ఉన్నది ‘బిగ్’ గ్రాంటు. 18 నెలల పనికి 50 లక్షల రూపాయల దాకా ఇస్తారు. ముందే కంపెనీ ఉండాలన్న నియమం లేదు, వ్యక్తిగా కూడా అడగవచ్చు. ఎంపికయ్యాక మాత్రం ఏదో ఒక ఇంక్యుబేటర్‌లో చేరాలి. ఇంక్యుబేటర్ అంటే కొత్త కంపెనీలకు గది, పరికరాలు, సలహా ఒకేచోట అద్దెకు దొరికే కేంద్రం. హైదరాబాద్ ఈ విషయంలో అదృష్టవంతమైన ఊరు. జీనోమ్ వ్యాలీలో ఐకెపి నాలెడ్జ్ పార్క్ ఉంది, సీసీఎంబీకి, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి, సంగారెడ్డి దగ్గర ఐఐటీకి వేటి కేంద్రాలు వాటికి ఉన్నాయి.

ఇది అప్పు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. వడ్డీ పేరు వినగానే వెనక్కి తగ్గే కుర్రాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. గ్రాంటు తిరిగి కట్టేది కాదు. ప్రయోగం ఫలించకపోయినా, ఖర్చుకు లెక్క సరిగా ఉండి, పని నిజాయితీగా చేసి ఉంటే డబ్బు వెనక్కి అడగరు. వడ్డీతో కూడిన అప్పు రూపంలో సాయం చేసే పథకాలు వేరే ఉన్నాయి, వాటి సంగతి ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

గ్రాంటుతోనే మందు బజారుకు రాదు. శాంతా బయోటెక్ సంగతి చూడండి. వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టి, హెపటైటిస్-బి టీకా ఇక్కడే తయారుచేస్తామన్నారు. బ్యాంకులు నమ్మలేదు. నమ్మి పెట్టుబడి పెట్టినాయన ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. మొదట ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో ప్రయోగశాల వాడుకోనిచ్చారు. కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పు ఇచ్చింది. 1997 ఆగస్టులో టీకా వచ్చింది. విదేశీ టీకా డోసు వందల్లో ఉన్న రోజుల్లో దీన్ని 50 రూపాయల ప్రాంతంలో అమ్మారు. సర్కారు ల్యాబు, సర్కారు అప్పు, వీటికి ముందు ఎవరో ఒకరి నమ్మకపు డబ్బు. ఆ మూడోది లేకుంటే మొదటి రెండూ అక్కరకు వచ్చేవి కావు.

ఇక మన సంగతి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే పనిలో నేనూ కొన్నేళ్లు కూర్చున్నాను. పాతబస్తీ నుంచి, బోరబండ నుంచి వచ్చిన పిల్లలు ఇంజినీరింగ్, ఫార్మసీ, బయోటెక్ చదువుతున్నారు. బీఫార్మసీ చివరి ఏడాది అమ్మాయి ఒకతె, డయాలసిస్‌కు వెళ్లే తన తండ్రి చేతి సూది చోటును కాపాడే పట్టీ ఒకటి స్వయంగా కుట్టి తెచ్చి చూపించింది. అది పనికొస్తుందో లేదో చెప్పే విద్య నాకు లేదు. కానీ ఎక్కడికి పంపాలో కూడా ఆ రోజు మాకెవరికీ తెలియలేదు. “మంచిదమ్మా, చదువు పూర్తిచేయి” అని ఫీజు చెక్కు ఇచ్చి పంపాం. ఇప్పుడామె మందుల దుకాణంలో పనిచేస్తోంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, గ్రాంటు దరఖాస్తు రాయడం నేర్పే బోర్డు ఒక్కటి నాకు కనబడలేదు.

దరఖాస్తులో అడిగేవి కష్టమైన ప్రశ్నలేమీ కావు. ఇబ్బంది ఎవరిది, ఇప్పుడు వాళ్లేం వాడుతున్నారు, మీది దానికన్నా ఎందులో మేలు, 18 నెలల్లో ఏం రుజువు చేస్తారు, ఎంత ఖర్చవుతుంది. అయితే వాటికి జవాబు రాయాలంటే డాక్టరుతో నాలుగుసార్లు మాట్లాడాలి, ఒక ముడి నమూనా చేయాలి, కొన్ని నెలలు సంపాదన లేకుండా ఉండాలి. ఎంపికైనా డబ్బు ఒకేసారి రాదు, పని ముందుకు సాగిన కొద్దీ వాయిదాల్లో వస్తుంది. ఉన్నవాళ్ల పిల్లలకు ఈ నెలలు తండ్రి భరిస్తాడు. మన దగ్గర చదివిన పిల్లకు ఎవరు భరిస్తారు?

దాతలు ఆలోచించాల్సింది ఇక్కడే. 50 లక్షలు మనం ఇవ్వనక్కర్లేదు. పేటెంటు దరఖాస్తుకు వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలే, రాసిపెట్టే నిపుణుడి ఫీజు మాత్రం దానికన్నా చాలా ఎక్కువ. మన దాతల్లో డాక్టర్లు, వకీళ్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు ఉన్నారు. వాళ్లు తలా కొన్ని గంటలు ఇస్తే ఆ ఖర్చులో సగం తగ్గుతుంది. నమూనా వరకే కావాలంటే ‘నిధి ప్రయాస్’ అనే మరో కేంద్ర పథకంలో 10 లక్షల దాకా దొరుకుతుంది. ఈ పనికి జకాత్ సొమ్ము వాడవచ్చా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకోవాల్సిన విషయం, మామూలు విరాళాలకు ఆ చిక్కు లేదు.

బిగ్ దరఖాస్తులు ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ పిలవడం ఆనవాయితీ. మన స్కాలర్‌షిప్ ఫారంలో తండ్రి ఆదాయం, మార్కులు, చిరునామా అడుగుతున్నాం. “మీరు ఏదైనా తయారుచేశారా?” అని ఒక గడి కూడా పెట్టమని కమిటీకి రాసి ఇచ్చాను.