ఇంటి మదింపు ఖర్చు ఎవరిది?



ఇల్లు కొనుటకై బ్యాంకులో ఋణము కోరినవానికి ఎదురగు ఖర్చులలో మదింపు రుసుము ఒకటి. బ్యాంకువారు తమ జాబితాలోని నిపుణుని పంపి ఆ యింటికి వెల కట్టింతురు. ఇల్లు కొనువాడు చూచినదే. వెల ఉభయులు ఒప్పుకొనినదే. మరి ఈ మదింపు ఎవరి కొఱకు? దీని ఖర్చు ఎవరిది?

మదింపు అప్పిచ్చువాని కొఱకు. బాకీ తీరనిచో ఆ యింటిని అమ్మించి సొమ్ము రాబట్టుకొనవలసినవాడు అతడే కదా! అయినను వాడుక ననుసరించి రుసుము చెల్లించువాడు ఋణము కోరినవాడే. 1899 నాటి స్టాంపు చట్టపు 29వ సెక్షను, వేఱు ఒడంబడిక లేనిచో, విక్రయపత్రపు స్టాంపు ఖర్చు కొనువానిదని చెప్పుచున్నది. అందు మదింపు ప్రసక్తి లేదు. అక్కఱ గలవానిదే వ్యయమను లోకన్యాయమే ఇచట నడచుచున్నది. అమ్మువాడు సగము భరించుట కొప్పుకొనినచో అడ్డు లేదు. ఆ మాట కాగితముపై నుండవలయును.

రుసుము చిన్నది, దాని ఫలము పెద్దది. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము 30 లక్షల రూపాయల వఱకు గల గృహఋణము ఇంటి విలువలో నూటికి 90 వంతులు మించరాదు. నా పూర్వశిష్యు డొకడు 25 లక్షలకు ఇల్లు బేరమాడి 2 లక్షలు బయానా యిచ్చెను. మదింపులో 20 లక్షలే తేలినది. కావున 18 లక్షలకు మించి అప్పు పుట్టదు. బయానా పోను ఇంకను 5 లక్షలు చేతినుండి తేవలసివచ్చెను. గడువులోగా తేలేకపోయెను. బయానా పోయినది, పని జరిగినది గనుక మదింపు రుసుమును తిరిగి రాలేదు.

“పంతులుగారూ, నా తప్పేమి?” అని అతడు నన్నడిగెను. అప్పు చాలినంత రానిచో బయానా తిరిగి ఈయవలయునను వాక్యము కరారులో లేదు. ఆ కరారుపై సాక్షిసంతకము చేసినవాడను నేనే. ఏమని చెప్పుదును?

మఱియొక సంగతి. మదింపు ఇంటి లోపములను శోధించు పరీక్ష కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 55వ సెక్షను ప్రకారము, సామాన్య జాగ్రత్తతో కొనువాడు కనిపెట్టలేని ముఖ్యలోపమును, తనకు తెలిసినచో, అమ్మువాడు తెలుపవలయును. కనిపెట్టదగిన లోపము కొనువాని భారమే. కావున అనుభవశాలియగు మేస్త్రిచే గోడలు, కప్పు వేఱుగా చూపించుకొనుట మేలు.

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిలు నాటి ఉత్తరువు ననుసరించి, ఆ యేటి అక్టోబరు 1 నుండి మంజూరగు ఇట్టి ఋణములకు, రుసుము లన్నిటిని చూపు ముఖ్యవివరపత్రమును ఋణము కోరినవానికి తెలిసిన భాషలో ఈయవలయును. అందు లేని రుసుమును అతని స్పష్టమైన సమ్మతి లేక వసూలు చేయరాదు. ఇతరుల పక్షమున బ్యాంకు వసూలు చేసిన సొమ్మునకు రసీదు ఈయవలయును.

పెద్దలారా! గ్రామమున కరారు వ్రాయుటకు మిమ్మే పిలుతురు. మదింపు ఖర్చు ఎవరిదో, అప్పు రానిచో బయానా యేమగునో, ఈ రెండు వాక్యములు చేర్పించిన పిదపనే సంతకము చేయుడు. సెలవు.