తుడిచినను తరుగని దస్త్రము

పూర్వ విద్యార్థుల మార్కులను వేలకొలది తుడిచివేసినను కంప్యూటరులోని దస్త్రము ఇసుమంతయు తగ్గకుండుట చూచి పలువురు విస్మయపడుదురు. 2000 సంవత్సరమున రిచర్డ్ హిప్ వెలువరించిన ఎస్‌క్యూలైట్ అను డేటాబేసును ఉదాహరణముగా గైకొందము. ఇది తన దస్త్రమును సాధారణముగా 4096 బైట్ల పుటలుగా విభజించుకొనును. వరుసలను తుడిచినపుడు ఖాళీయైన పుటలను చించి పారవేయదు. మరల వ్రాయుటకై దాచుకొనును. ప్రాగ్మా ఫ్రీలిస్ట్ కౌంట్ అను ఆదేశముచే వానిని లెక్కింపవచ్చును. ఆ సంఖ్య పెద్దదైనచో వాక్యూమ్ అను ఆదేశము దస్త్రమును క్రొత్తగా వ్రాసి కుదించును. అందుకు మూలదస్త్రమునకు రెండింతల వరకు ఖాళీ స్థలము కావలసియుండును గాన, డిస్కు నిండిన పిదప తలచుకొనిన ఫలమేమి?

ఒక్కొక్కప్పుడు ప్రధాన దస్త్రము చిన్నదిగనే యుండి, క్రొత్త వ్రాతలు ముందుగా చేరునట్టి వాల్ అను ప్రక్కచిట్టా ఉబ్బిపోవును. ఏదో యొక ప్రోగ్రాము చదువుట మొదలిడి ముగింపకున్నచో, ఆ చిట్టాను మొదటినుండి తిరిగి వాడుకొనుటకు వీలుపడదు. అట్టి ప్రోగ్రామును వెదకి మూయవలయును. చిట్టా నిరర్థకమని యెంచి చేతితో తీసివేయుట మాత్రము కూడదని మేము గట్టిగా చెప్పుచున్నాము. ప్రధాన దస్త్రమున ఇంకను చేరని మార్కులు అందే యుండవచ్చును.