విందులోనూ ప్రయాణంలోనూ జీవిత భాగస్వామి

 



మదీనాలో దైవప్రవక్త (స) పొరుగున పర్షియా దేశస్థుడొకడు ఉండేవాడు. షోర్వా వండడంలో అతనిది అందెవేసిన చేయి. ఒకనాడు అతను షోర్వా సిద్ధం చేసి, దైవప్రవక్త (స)ను భోజనానికి పిలవడానికి వచ్చాడు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)ని చూపి, ఈమెకు కూడా ఆహ్వానం ఉందా అని అడిగారు. లేదన్నాడు అతను. అయితే తానూ రానని చెప్పారాయన. అతను మళ్ళీ పిలిచాడు. ఆయన మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ లేదన్న సమాధానమే వచ్చింది, ఆయన మళ్ళీ నిరాకరించారు. మూడోసారి అడిగినప్పుడు అతను సరేనన్నాడు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ లేచి, ఒకరి వెనుక ఒకరు నడుస్తూ ఆ పొరుగింటికి వెళ్ళారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ హదీసును మనం చాలాసార్లు విని ఉంటాం. పొరుగువాని ఆహ్వానాన్ని స్వీకరించడమనే అంశం కిందనే ఎక్కువగా విని ఉంటాం. ఇందులోని రెండు నిరాకరణల వద్ద కాసేపు ఆగి ఆలోచించవలసి ఉంది. ఆ ఇంట్లో భోజనం సులువుగా దొరికేది కాదు. నెలలు గడిచినా పొయ్యి వెలగని రోజులుండేవనీ, ఖర్జూరాలతో, నీళ్ళతో కాలం గడిచేదనీ హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. అలాంటి ఇంటి గుమ్మం వద్దకు వేడి షోర్వా పిలుపు వచ్చింది. వెళ్ళి తిని, తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు కొంత తెచ్చి ఇవ్వవచ్చు. దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కారు. అయినా ఆయన అలా చేయలేదు. ఆమెను ఇంట్లో వదిలి తానొక్కడే రుచికరమైన భోజనానికి కూర్చోవడం ఆయనకు నచ్చలేదని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. పొరుగువాని మీద కూడా వారు తప్పు మోపలేదు. వండింది ఒక్కరికే సరిపోతుందేమోనని అతను సంకోచించి ఉండవచ్చునన్నారు. దైవప్రవక్త (స) కూడా అతన్ని మందలించలేదు. అడిగినదే మళ్ళీ అడిగారు, అంతే.

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. రమజాన్ నెల వస్తే మన పట్టణాల్లో రాత్రిళ్ళు హలీం బట్టీల చుట్టూ జనం కిక్కిరిసిపోతారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం పేరు దేశమంతటా తెలుసు. తరావీహ్ ముగించుకొని మిత్రులతో వెళ్ళి, వేడివేడిగా తిని, చాయ్ తాగి, అర్ధరాత్రి ఇంటికి చేరేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇంట్లో ఆమె సహరీ ఏర్పాట్లలో ఉంటుంది. చేతిలో ఒక డబ్బా పెడతాం. అప్పటికది చల్లబడి, పైన నెయ్యి గడ్డకట్టి ఉంటుంది. పార్సెల్ తేవడం తప్పని మేము అనడం లేదు. తేనివారికంటే తెచ్చినవారే నయం. కానీ తెచ్చినది హలీం మాత్రమే. ఆ రాత్రి సందడి, ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్న ఆ గంట సేపు పార్సెల్‌లో రావు.

ప్రయాణాల విషయమూ ఇంతే. పుట్టిల్లు, ఆసుపత్రి, బంధువుల పెళ్ళి, చావు పరామర్శ. ఈ నాలుగు తప్ప వేరే దారి ఎరుగని స్త్రీలు మన మధ్య ఉన్నారు. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి గంటన్నర దూరంలో ఉంటూ, పిల్లలు పెద్దవారైనా ఆ అలలను ఒక్కసారి చూడని తల్లులు ఉన్నారు. భర్తలు మాత్రం మిత్రులతో ఎన్నోసార్లు వెళ్ళి వచ్చి ఉంటారు. ఎందుకు తీసుకువెళ్ళలేదని అడిగితే, మన ఆడవాళ్ళకు అలాంటివి అలవాటు లేదంటారు. అలవాటు చేయవలసింది ఎవరు?

కొందరు దీనికి పరదాను కారణంగా చూపుతారు. పరదా ఆదేశం శిరోధార్యమే. అయితే బయటకు ఎలా వెళ్ళాలో నేర్పిన ఆదేశాన్ని, అసలు వెళ్ళనీయకుండా ఉండడానికి సాకుగా చేసుకోవడం న్యాయం కాదు. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తన సతీమణుల పేర్లతో చీటీలు వేసేవారనీ, ఎవరి పేరు వస్తే వారు వెంట వెళ్ళేవారనీ సహీహ్ బుఖారీలో ఉంది. అవి విహారయాత్రలు కావు, చాలా వరకు సైనిక ప్రయాణాలు. అయినా భార్య లేకుండా వెళ్ళడం ఆయన అలవాటుగా చేసుకోలేదు. హిజ్రీ 6వ సంవత్సరం హుదైబియాలో, ఒప్పందంతో మనసు విరిగిన సహాబీలు ఖుర్బానీ చేసి తల క్షౌరం చేయించుకోవడానికి లేవలేకపోయినప్పుడు, ముందు మీరే ఆ పని చేయండని సలహా ఇచ్చింది ఆ ప్రయాణంలో వెంట ఉన్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి). ఆయన అలాగే చేశారు, జనం లేచారు. ఖైబర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు హజ్రత్ సఫియా (రజి) ఒంటె ఎక్కడానికి ఆయన తన మోకాలిని మెట్టుగా నిలిపారు. సైన్యమంతా చూస్తుండగా చేసిన పని ఇది. బస్సు ఎక్కేటప్పుడు భార్య చేతిలోని సంచి అందుకోవడానికి చుట్టూ ఎవరున్నారోనని చూసుకునే మనకు ఇది తెలిసి ఉండడం మంచిది.

ప్రయాణమంటే ఆలస్యాలు, పోగొట్టుకోవడాలు, చిరాకులు కూడా. వీటిని ఎలా భరించాలో హజ్రత్ ఆయిషా (రజి) హారం కథ నేర్పుతుంది. ఒక ప్రయాణంలో బైదా లేక జాతుల్ జైష్ అనే చోట ఆమె మెడలోని హారం తెగి పడిపోయింది. అది కూడా అక్క హజ్రత్ అస్మా (రజి) వద్ద అడిగి తెచ్చుకున్నదని ఒక ఉల్లేఖనం. దాన్ని వెదకడానికి దైవప్రవక్త (స) ఆగారు, ఆయనతో పాటు జనమంతా ఆగారు. అక్కడ నీళ్ళు లేవు, వారి వద్దా లేవు. జనం వెళ్ళి ఆమె తండ్రి హజ్రత్ అబూబక్ర్ (రజి)తో మొర పెట్టుకున్నారు. ఆయన వచ్చేసరికి దైవప్రవక్త (స) భార్య తొడపై తల ఉంచి నిద్రిస్తున్నారు. తండ్రి కూతురిని కోపంగా మందలించి, నడుము పక్కన పొడిచారు కూడా. భర్త నిద్ర చెడుతుందని ఆమె కదలకుండా ఓర్చుకున్నారు. తెల్లవారింది. వుజూకు నీళ్ళు లేవు. అప్పుడు తయమ్ముమ్ ఆయతు అవతరించింది. ఇది మీ కుటుంబం వల్ల మాకు లభించిన మొదటి శుభమేమీ కాదని హజ్రత్ ఉసైద్ బిన్ హుదైర్ (రజి) సంతోషించారు. చివరికి ఆమె ఎక్కిన ఒంటెను లేపితే, హారం దాని కిందనే ఉంది!

ఈ కథలో తండ్రి కోపగించుకున్నారు, జనం సణిగారు. భర్త మాత్రం ఒక్క మాట అన్నట్లు హదీసులో లేదు. రైలు తప్పిపోయినందుకు, తాళంచెవి మరిచిపోయినందుకు, చంటిబిడ్డ పాలసీసా ఇంట్లో వదిలేసినందుకు స్టేషన్‌లో నలుగురి ఎదుట భార్యను గద్దించేవారు ఈ నిశ్శబ్దాన్ని గుర్తుంచుకోవాలి.

మేము కూడా తప్పు చేసినవారమే గనుక ఒక సంగతి చెప్పుకోవాలి. ఒకసారి రెండు కుటుంబాలతో వెళుతూ మగ్రిబ్ వేళకు రహదారి పక్కన ఒక హోటల్ వద్ద ఆగాం. పురుషులమంతా గోడవారగా చాపలు పరచుకొని నమాజు చేసుకున్నాం. చాయ్ కూడా చెప్పాం. స్త్రీలు కారులోనే కూర్చొని ఉన్నారు. వారికి వుజూ చేసుకునే మరుగు గానీ, నిలబడే చోటు గానీ చూడాలన్న ఆలోచనే మాకు రాలేదు. మగ్రిబ్ సమయం తక్కువ. ప్రయాణంలో జుహ్ర్, అస్ర్, ఇషా నాలుగు రకాతులు రెండవుతాయి గానీ, మగ్రిబ్ మూడు మూడే. ఒక సోదరి దిగి వచ్చి అడిగేసరికి ఆకాశంలో ఎరుపు పోతోంది. హోటల్‌లో పనిచేసే ముసలాయన ఒకరు సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. అప్పటి నుంచి ఎక్కడ ఆగినా ముందు స్త్రీలకు చోటు అడుగుతున్నాం. వండే మాంసం హలాలేనా అని విచారించే మనం, అదే నోటితో ఈ మాట కూడా అడగవచ్చు. అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

ఖర్చు గురించి కూడా ఒక మాట. తినండి, తాగండి అని అనుమతించిన అల్లాహ్, మితిమీరవద్దని సూరె అల్ ఆరాఫ్ 31వ ఆయతులోనే హెచ్చరించాడు. అప్పు చేసి విహారానికి వెళ్ళమని, పదిమందికి ఫోటోలు చూపడానికి ఖరీదైన హోటళ్ళకు వెళ్ళమని ఎవరూ అనుకోరాదు. ఇరానీ హోటల్ ఫ్యామిలీ గదిలో రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు చాలు. భార్య నోట పెట్టే ముద్దకు కూడా పుణ్యఫలం ఉందని, అల్లాహ్ ప్రసన్నత కోరి పెడితే చాలునని, జబ్బుపడిన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పారు. ఆ ముద్ద వెల ఎంతో హదీసు చెప్పలేదు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులుంటే వారిని ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి, కొన్నిసార్లు వెంట తీసుకువెళ్ళాలి. అయితే కోడలు ఒక్క పూట కొడుకుతో బయటకు వెళితే ముఖం ముడుచుకునే అమ్మీలకు కూడా మా మనవి ఒకటుంది: మీరు యువతిగా ఉన్నప్పుడు మీకు దక్కనిది ఆమెకు దక్కనివ్వండి.

ఒక సహాబీ ఫలానా యుద్ధానికి తన పేరు నమోదైందనీ, తన భార్య హజ్‌కు బయలుదేరిందనీ దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నాడు. వెళ్ళి భార్యతో పాటు హజ్ చేయమని ఆయన ఆదేశించారు. యుద్ధానికి నమోదైన పేరు కూడా ఆమె ప్రయాణానికి అడ్డు కాలేదు. మన దుకాణం, మన పొలం, మన డ్యూటీ అంతకంటే ముఖ్యమైనవా? హజ్ కోసం ఇద్దరికీ సరిపడా డబ్బు కూడేదాకా వేచి ఉండి, కూడేసరికి ఆమె మోకాళ్ళు పనిచేయని స్థితికి వచ్చిన ఇళ్ళు మనకు తెలుసు. ఆ వేచి ఉండడంలో తప్పు లేదు. ఆ ఏళ్ళలో పక్క జిల్లాకైనా కలిసి వెళ్ళకపోవడమే విచారకరం.

ఇవన్నీ కొత్తగా పెళ్ళైనవారి సరదాలని కొందరు అనుకుంటారు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తనతో ఉన్నవారిని ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)ని పరుగు పందేనికి పిలిచారు. అప్పుడామె సన్నగా ఉండేవారు, గెలిచారు. కాలం గడిచింది. ఆమె ఒళ్ళు చేశారు, ఆ పందెం సంగతే మరిచిపోయారు. మరో ప్రయాణంలో ఆయన మళ్ళీ అందరినీ ముందుకు పంపి, ఆమెను మళ్ళీ పందేనికి పిలిచారు. ఈసారి ఆయన గెలిచారు. గెలిచి నవ్వుతూ, ఇది ఆనాటి దానికి బదులన్నారు.