గద్ద గూడు మీద డ్రోన్ ఎగరేస్తే అది వేటేనా?

నర్సీపట్నం నుంచి మీ హోస్ట్‌ని. ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

సంక్రాంతి సెలవుల్లో చింతపల్లి రోడ్డు వైపు డ్రోన్ పట్టుకుని వెళ్లాను. లంబసింగి మంచు షాట్స్ కోసమే బయల్దేరాను గానీ, దారిలో ఒక పెద్ద చెట్టు చిటారున గద్ద గూడు కనిపించింది. ఇంకేముంది, డ్రోన్ పైకి పంపాను. గూడుకి నాలుగైదు మీటర్ల దూరంలో ఆపాను. తల్లి గద్ద లేచి డ్రోన్ చుట్టూ తిరగడం మొదలెట్టింది. నాకేమో సూపర్ ఫుటేజ్ అన్న ఆనందం. కింద పశువులు కాసుకుంటున్న పెద్దాయన అరిచాడు. "ఏటి బాబూ ఇది, గుడ్లుంటాయి, అది లేచిపోతే కాకులు తినెయ్యవా?" అన్నాడు. సిగ్గేసింది, దించేశాను. ఇంటికొచ్చి చట్టం తెరిస్తే సిగ్గు కాస్తా భయమైంది.

మన దేశంలో గద్దలకి, డేగలకి, రాబందులకి రక్షణ ఇచ్చేది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. అందులో 'వేట' అనే మాటకి ఉన్న అర్థం మనం అనుకునేది కాదు. చంపడం, పట్టుకోవడం, ఎర వెయ్యడం సరే. పక్షుల విషయంలో గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లనో గూడునో కదిలించి కలవరపెట్టడం కూడా వేటే. తుపాకీ, వల అక్కర్లేదు. నా చేతిలో ఉన్న రిమోట్ చాలు! ఆ వీడియో డిలీట్ చేశాను, అందుకే మీకు చూపించట్లేదు.

మరి ఏ పక్షికి ఎంత రక్షణ? అది చట్టం చివర ఉండే షెడ్యూళ్లు చెబుతాయి. నాలాంటి కోడింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే చట్టం అసలు ప్రోగ్రామ్, షెడ్యూల్ దాని కాన్ఫిగ్ ఫైల్. ప్రోగ్రామ్ మార్చాలంటే పార్లమెంటుకి వెళ్లాలి. కాన్ఫిగ్‌లో ఒక పేరు కలపాలన్నా, తీసెయ్యాలన్నా, ఒక షెడ్యూల్ నుంచి ఇంకోదానికి మార్చాలన్నా 61వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే చాలు.

ఈమధ్య పెద్ద అప్‌డేట్ మాత్రం పార్లమెంటు దారిలోనే వచ్చింది. 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. జైరాం రమేశ్ అధ్యక్షుడిగా ఉన్న స్థాయీ సంఘానికి పంపారు. 2022 ఏప్రిల్‌లో ఆ సంఘం రిపోర్టు ఇచ్చింది. ఆగస్టులో లోక్‌సభ, డిసెంబరులో రాజ్యసభ పాస్ చేశాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. ఒకటోది అత్యధిక రక్షణ, రెండోది కాస్త తక్కువ, మూడోది మొక్కలు, నాలుగోది అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ ఒప్పందపు జాతులు.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించిన సంగతి ఒకటుంది. పాత జాబితాలో డేగల కుటుంబం మొత్తానికి కలిపి 'హాక్స్, యాక్సిపిట్రిడే' అని ఒకే లైను ఉండేది. మన కోడ్‌లో స్టార్ పెట్టినట్టన్నమాట, అందరూ లోపలే. కొత్త జాబితాలో జాతుల్ని విడివిడిగా, శాస్త్రీయ నామంతో రాశారు. స్పష్టత వచ్చింది నిజమే. కానీ స్టార్ తీసి పేర్లు రాస్తే ఏమవుతుందో ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు, ఏదో ఒకటి మిస్సవుతుంది. బిల్లు షెడ్యూళ్లలో చాలా జాతులు కనిపించట్లేదని స్థాయీ సంఘమే ఎత్తి చూపింది. ఫైనల్ వెర్షన్ రాకముందు ఎవరో ఒకరు కూర్చుని లైను లైను చదవాల్సిందే. ఆ బోరింగ్ పని చేసినవాళ్ల మీద నాకు గౌరవం.

శిక్షలు కూడా పెరిగాయి. మామూలు ఉల్లంఘనకి జరిమానా గరిష్ఠంగా 25,000 ఉండేది లక్ష అయింది. ఒకటో షెడ్యూల్ జంతువుని వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 జరిమానా. మన విశాఖ తీరంలో ఎగిరే తెల్ల పొట్ట సముద్రపు డేగ ఆ షెడ్యూల్‌లోనే ఉంది.

పర్మిట్లు ఉండవా అంటే ఉంటాయి, కానీ చాలా ఇరుకు. ఒకటో షెడ్యూల్ జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని జబ్బు పడితేనో రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ వేటకి అనుమతి ఇవ్వొచ్చు. అదీ కారణాలు రాతపూర్వకంగా చెప్పి. పరిశోధన కోసమైతే వేరే అనుమతి, ఒకటో షెడ్యూల్ అయితే కేంద్రం కూడా ముందే ఒప్పుకోవాలి.

అమెరికాలో దీనికి వేరే లెక్క ఉంది. అక్కడ 1940 నుంచి బాల్డ్ ఈగిల్‌కి, 1962 నుంచి గోల్డెన్ ఈగిల్‌కి ప్రత్యేక చట్టం ఉంది. గాలిమరలకి తగిలి డేగలు చనిపోతే ఎలా అని 2009లో పర్మిట్లు తెచ్చారు. 2013లో పర్మిట్ గడువు 5 ఏళ్ల నుంచి 30 ఏళ్లకి పెంచితే, పర్యావరణ పరిశీలన సరిగ్గా చెయ్యలేదని 2015లో కోర్టు కొట్టేసింది. 2016లో మళ్లీ రాశారు, 30 ఏళ్లే గానీ 5 ఏళ్లకోసారి సమీక్ష పెట్టి. 2024లో ఇంకోసారి మార్చి, కొన్ని పనులకి జనరల్ పర్మిట్లు ఇచ్చారు. ప్రతిసారీ ముసాయిదా ముందే పెట్టి జనం అభిప్రాయాలు అడిగారు. మన చట్టంలో గాలిమరకి తగిలి చచ్చే పక్షి కోసం ఇలాంటి పర్మిట్ లేదు. పైగా 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలిమరల ప్రాజెక్టులే లేవు. అనంతపురం వైపు వెళ్తే ఎన్ని గాలిమరలున్నాయో చూసే ఉంటారు. ఈ ఖాళీ పూడ్చాల్సిందే అని నా అభిప్రాయం.

ఇంకో విచిత్రం. డేగల్ని కాపాడే రూల్ కొన్నిసార్లు మందుల షాపు నుంచి వస్తుంది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని తేలాక, 2006లో ఆ మందు పశువుల వాడకాన్ని ఆపారు. కానీ మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకి వాడుతున్నారని 2015లో సైజు 3 మిల్లీలీటర్లకి కుదించారు. రాజస్థాన్‌లో చనిపోయిన స్టెప్పీ డేగల్లో కూడా అదే మందు దొరికిందని 2014లో పరిశోధకులు ప్రచురించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని పశువుల వాడకానికి నిషేధించారు. ఒక ప్యాచ్ వేస్తే ఇంకో బగ్, దానికి ఇంకో ప్యాచ్, 17 ఏళ్లు పట్టింది.

చివరగా, మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, గాలికి గద్ద పిల్ల కిందపడింది, రెండ్రోజులుగా చికెన్ ముక్కలు పెడుతున్నా, పెంచుకోవచ్చా?" అని. లేదు తమ్ముడూ. అలాంటి పక్షి నీ చేతికొస్తే అది ప్రభుత్వ ఆస్తి. 39వ సెక్షన్ ప్రకారం 48 గంటల్లో దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి గానీ అధీకృత అధికారికి గానీ చెప్పాలి. రెండ్రోజులంటే నీ టైం ఇప్పటికే అయిపోవచ్చింది. మన ఊళ్లోనే అటవీ శాఖ డివిజన్ ఆఫీసు ఉంది, ఈ వీడియో ఆపేసి ఇప్పుడే ఫోన్ చెయ్యి. రీల్ తియ్యకు.