లెవెలెంత వచ్చింది?

వానాకాలం ముదిరిందంటే కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో టీ కొట్టు దగ్గర పలకరింపే మారిపోతుంది. క్షేమసమాచారాల కన్నా ముందు "శ్రీశైలం లెవెలెంత వచ్చిందబ్బా?" అంటారు. అవతలి మనిషి 862 అనో 879 అనో చెప్తాడు. అంకె విని ఒకరి ముఖం విప్పారుతుంది, ఇంకొకరు "ఇంకా రావాల్లే" అని నిట్టూరుస్తారు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలిస్తే ఆ నిట్టూర్పూ అర్థమవుతుంది.

లెవెల్ అనే మాటను మనం ఎన్ని పనులకు వాడుతున్నామో చూడండి. "చేను లెవెల్ చేయించినా" అని రైతు అంటే అది చదును. "ఆయప్ప లెవెలే వేరు" అంటే హోదా, అంతస్తు. షుగర్ లెవెల్ అంటే రక్తంలో చక్కెర ఎంతుందన్న లెక్క. "మండల లెవెల్లో గెలిచింది" అంటే స్థాయి. లెవెల్ క్రాసింగ్ అంటే రైలు పట్టాలూ రోడ్డూ ఒకే ఎత్తున కలిసే చోటు. తాపీ మేస్త్రీ "లెవెల్ చూడు" అన్నప్పుడు మాత్రం అది పనిముట్టు. ఇంగ్లీషు మాటకు మూలం కూడా అలాంటిదే. లాటిన్‌లో చిన్న త్రాసును సూచించే మాట నుంచి అది పుట్టింది.

మనకు దీటైన మాట లేకపోలేదు. మట్టం ఉంది. మేస్త్రీ చేతిలో రసమట్టం, వడ్రంగి చేతిలో మూలమట్టం, పుస్తకాల్లో సముద్రమట్టం, పేపర్లో నీటిమట్టం. పనిముట్టుకూ, అది చూపించే కొలతకూ ఇదే మాట. లెవెల్ కన్నా మట్టమే నాకు నిండుగా వినిపిస్తుంది. కానీ డ్యాము దగ్గర లెవెలే నిలబడిపోయింది, జనం నోట్లో దాన్ని మార్చాలని నాకు లేదు. దాని వెనక ఉన్న అంకెలు తెలిస్తే చాలు.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఇది లోతు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాదు. డ్యాము ఎత్తే పునాది నుంచి 145 మీటర్లు, అంటే 476 అడుగులు. 885 అనేది సముద్రమట్టం నుంచి లెక్క. కిందనున్న నాగార్జునసాగర్‌కు 590, పైనున్న తుంగభద్ర డ్యాముకు 1633. ఈ అంకెలు డ్యాముల పెద్దరికం చెప్పవు. కృష్ణమ్మ, తుంగభద్ర దిగివచ్చే మెట్లను చెప్తాయి. 885 ఎక్కడిదో గేట్ల దగ్గర తేలిపోతుంది. నీళ్లు పొర్లే కట్టు 830 అడుగుల దగ్గర ఉంది. దానిమీద 55 అడుగుల ఎత్తున 12 గేట్లు నిలబెట్టారు. 830కి 55 కలిపితే 885.

ఇప్పుడు నిల్వ సంగతి. ఇక్కడే లెవెల్ మనల్ని ఎక్కువ తికమక పెడుతుంది, ఎందుకంటే అన్ని అడుగులూ ఒకటి కావు. లోయ అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. 834 నుంచి 854 దాకా 20 అడుగులు పెరిగితే చేరేది సుమారు 35 టీఎంసీలు. అంటే అడుగుకు రెండు కూడా లేదు. 854 నుంచి 885 దాకా 31 అడుగుల్లో 126 టీఎంసీలు, అడుగుకు నాలుగు. అందుకే మొదట్లో రోజుకు రెండు మూడు అడుగులు ఎగబాకిన లెవెల్, అంతే వరద వస్తున్నా 875 దాటాక నత్తనడక నడుస్తుంది. "వరద తగ్గిందేమో" అని గుబులు పడనక్కర్లేదు, నీళ్లు పరుచుకుంటున్నాయంతే. వరదను క్యూసెక్కుల్లో చెప్తారు, నిల్వను టీఎంసీల్లో. రోజంతా 11,574 క్యూసెక్కులు వస్తే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కుల వరద ఆగకుండా వస్తే, బయటికి ఏమీ వదలకపోతే, 854 నుంచి 885కి చేరడానికి పదిహేను రోజులు.

ఇంకో బాధ ఉంది. డ్యాము కట్టినప్పుడు 885 అంటే 308 టీఎంసీలు. ఇప్పుడు పేపర్లో వేసే లెక్క ప్రకారం అదే 885 అంటే 215.81. లెవెల్ మారలేదు, అడుగున పూడిక చేరింది. పోయిన 92 టీఎంసీలతో 26.85 టీఎంసీల గండికోట జలాశయాన్ని మూడుసార్లు నింపినా ఇంకా మిగులుతుంది.

మరి రాయలసీమకు ఏ అంకె కావాలి? శ్రీశైలం నీళ్లను సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు గేట్ల అడుగు 841 దగ్గర ఉంది. లెవెల్ అంతకు దిగితే గేట్లు ఎత్తినా నీళ్లు రావు. 854 దగ్గర పారేది ఏడు వేల క్యూసెక్కుల దరిదాపు, రోజుకు ముప్పాతిక టీఎంసీ కూడా కాదు. పూర్తిగా 44,000 పారాలంటే 880 దాటాలి, అప్పుడు రోజుకు 3.8 టీఎంసీలు. బానకచర్ల మీదుగా వెలుగోడుకు, గోరకల్లుకు, గండికోటకు నీళ్లు పోయేది ఈ దారినే, చెన్నైకి తాగునీళ్లు కూడా. 1996లో జీవో 69 శ్రీశైలం కనీస మట్టాన్ని 834 అని పెడితే, 2004లో జీవో 107 దాన్ని 854కి పెంచింది. 20 అడుగుల ఆ తేడా మీద జరిగినన్ని సభలు, ధర్నాలు సీమలో ఇంకే అంకె మీదా జరగలేదేమో. ఎడమగట్టున 900, కుడిగట్టున 770 మెగావాట్ల కరెంటు కేంద్రాలున్నాయి. అవి తిరిగితే నీళ్లు సాగర్‌కు దిగిపోతాయి, ఇక్కడ లెవెల్ పడుతుంది. టీ కొట్టు దగ్గర నిట్టూర్పుకు కారణం అదే.

885 దాటిన రోజూ ఒకటుంది. 2009 అక్టోబరు మొదట్లో పాతిక లక్షలకు పైగా క్యూసెక్కుల వరద వచ్చి లెవెల్ 896.5కి పోయింది. కర్నూలు మునిగింది. ఆ అంకె గుర్తున్నవాళ్లకు లెవెల్ అంటే ఆశ ఒక్కటే కాదు.

మట్టం అన్న మాటకు ఇంకో కొసరు ఉంది, నేలమట్టం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ డ్యాము కింద వందకు పైగా ఊళ్లు పోయాయి, దాదాపు లక్షమంది కదిలారు. 1981లో చాలాచోట్ల జనాన్ని లేపి ఇళ్లు పడగొట్టారు. ఆ ఊళ్లు ముందు నేలమట్టమయ్యాయి, నీటిమట్టం ఆ తర్వాత వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్నచోటే మునిగింది.

అది ఏటా తేలుతుంది. ఎండలు ముదిరేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, ఆఖరుకు వేపమొద్దు శివలింగం. గుడి పూర్తిగా బయటపడేది లెవెల్ 840కి అటూ ఇటూ అయినప్పుడు. ఇంచుమించు అదే రోజుల్లో పోతిరెడ్డిపాడు గేట్ల అడుగు ఆరిపోతుంది. సంగమేశ్వరం పోయేవాళ్లు బురద కడిగిన మెట్ల మీద కూర్చొని కొబ్బరికాయ కొడతారు, అక్కడా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, లెవెలెంత ఉందని.