తూకానికి తూగని చెత్త

చార్మినార్‌కు పడమటగా పురానాపూల్ వైపు సాగే దారిలో ఉన్న హుస్సేనీ ఆలం, ముహర్రంలో భక్తులు దర్శించుకునే ఆలం (పీరు) పేరునే తన పేరుగా చేసుకున్న పాత వాడ. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని, గల్లీలు ఇరుకై ఉన్న ఇటువంటి చోట వాడి వదిలేసిన సామాను దాచుకోవడానికి జాగా తక్కువ, దాన్ని కొనడానికి గుమ్మం దాకా వచ్చే మనుషులు ఎక్కువ కనుక, ఇంటి వ్యర్థాలను వేరుచేసి తిరిగి వాడుకలోకి పంపే పని మున్సిపల్ నియమాల కంటే ఎంతో ముందే ఇక్కడ వ్యాపారంగా స్థిరపడింది. రీసైక్లింగ్ అంటే వాడేసిన వస్తువును కరిగించో, నానబెట్టి గుజ్జు చేసో, ముక్కలు కొట్టో మళ్లీ ముడిసరుకుగా మార్చడం. పర్యావరణ స్పృహే దాన్ని నడిపిస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతున్నా, నిజానికి నడిపిస్తున్నది కబాడీ దుకాణంలోని తూకం. ధర పలికే వస్తువు ఎలాగోలా కార్ఖానాకు చేరుతుంది, పలకనిది వీధిలోనో నాలాలోనో మిగిలిపోతుంది.

ఈ వ్యాపారం అంచెలంచెలుగా సాగుతుంది. తోపుడు బండితో గల్లీలు తిరిగే మనిషి రద్దీ పేపర్లు, ఇనుము, సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు కొని చిన్న కబాడీ దుకాణానికి అమ్ముతాడు, వీధుల్లో ఏరుకునేవాళ్లు తమ సంచులను అక్కడికే తెస్తారు. దుకాణదారు రకాలవారీగా విడదీసి పెద్ద గోదాములకు పంపితే, అక్కడి నుంచి సరుకు మూటలుగా కాగితం మిల్లులకు, ఇనుము కరిగించే ఫర్నేసులకు, కాటేదాన్ పరిసరాల ప్లాస్టిక్ యూనిట్లకు వెళుతుంది. ప్రతి అంచెలోనూ సరుకు శుభ్రపడుతుంది, ధర పెరుగుతుంది, కానీ మొదట చెత్తలో చెయ్యి పెట్టినవాడికి దక్కే వాటా అందరికంటే తక్కువ. ఈ పనిలో ప్రాణాపాయమూ ఉంది: 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలోని ఒక పాత సామాన్ల గోదాములో నిప్పంటుకుని, అక్కడే నిద్రిస్తున్న 11 మంది బీహార్ వలస కార్మికులు చనిపోయారు. రీసైక్లింగ్ ప్రయోజనాలను లెక్కించేవారు ఈ ఖర్చును సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

కరిగించే దాకా పోకుండా వస్తువును ఉన్నదున్నట్టుగా మళ్లీ వాడుకోవడం అన్నింటికంటే లాభసాటి. హుస్సేనీ ఆలంకు దగ్గర్లోనే, పురానాపూల్ వద్ద సాగే జుమ్మెరాత్ బజార్‌లో పాత తలుపులు, కుర్చీలు, పనిముట్లు, బట్టలు చేతులు మారుతుంటాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు, పాత ఇనుముకు ఉల్లిగడ్డలు తూచే బండ్లవాళ్లు నగరవాసులకు కొత్త కాదు. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించుకుంటూ తరాల పాటు వండుకున్న ఇళ్లలో గిన్నెను పారేయడమన్నదే ఉండేది కాదు.

ధరలో లోహాలదే పైచేయి కావడానికి తగిన కారణం ఉంది. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతం ఉంటే పాత అల్యూమినియాన్ని కరిగించవచ్చు, శుభ్రంగా ఉంటే ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం తగ్గదు. గాజుదీ అదే స్వభావం, కానీ అది బరువైనది, చవకైనది, దారిలో పగిలేది కనుక కబాడీ దుకాణం పగలని సీసాను ఇష్టంగా, గాజు పెంకులను అయిష్టంగా తీసుకుంటుంది. కాగితాన్ని గుజ్జు చేసిన ప్రతిసారీ అందులోని పోగులు పొట్టివై, అయిదు నుంచి ఏడు విడతల తర్వాత ఒకదానినొకటి పట్టుకోలేని స్థితికి వస్తాయి. అందుకే నోటుపుస్తకం అట్టపెట్టెగా, అట్టపెట్టె కోడిగుడ్ల ట్రేగా దిగుతూ పోతుంది.

ఇక ప్లాస్టిక్ అన్న ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పొసగని పదార్థాలు అనేకం ఉన్నాయి. డబ్బా అడుగున త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఉండే అంకె ఆ రకాన్ని తెలుపుతుంది: నీళ్ల సీసాది 1, అంటే పెట్, షాంపూ డబ్బాది ఎక్కువగా 2, అంటే గట్టి పాలిథీన్, బిర్యానీ పార్సిల్ డబ్బాది తరచుగా 5, అంటే పాలీప్రొపిలీన్. వీటిని కలిపి కరిగిస్తే వచ్చేది పెళుసుగా విరిగే నాసిరకం సరుకు. ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను నీళ్లలో వేస్తే పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి, పెట్ మునుగుతుంది. చిన్న యూనిట్లు కూడా ఈ తేడాతోనే విడదీస్తాయి. అడుగున అంకె ఉన్నంత మాత్రాన ఆ డబ్బా తప్పక రీసైకిల్ అవుతుందని అర్థం కాదు, అది పదార్థం పేరు మాత్రమే.

వీటన్నింటి ధరనూ పోగొట్టేది వంటింటి తడి. సాలన్ అంటిన కాగితాన్ని మిల్లు తీసుకోదు, మిగిలిన అన్నం ఎండిపోయిన డబ్బాను కడగడానికయ్యే ఖర్చు దాని విలువను మించుతుంది. కనుక రీసైక్లింగ్‌లో అన్నింటికంటే కీలకమైన పని కార్ఖానాలో కాక ఇంట్లో, చెత్తబుట్ట దగ్గర జరుగుతుంది. 2015లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) సుమారు 22 లక్షల ఇళ్లకు తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం బుట్టలు ఇవ్వడం, 2016 నాటి కేంద్ర నియమాలు వీటికి తోడు బ్యాటరీలు, ట్యూబులైట్ల వంటి హానికర వ్యర్థాలను మూడో రకంగా విడిగా ఉంచాలనడం ఇందుకే. ఇంట్లో విడదీసిన చెత్త ఆటో ట్రాలీలో మళ్లీ ఒక్కటైతే మాత్రం ఆ శ్రమంతా వృథా.

తడి చెత్త కుప్పలో గాలి అందక కుళ్లినప్పుడు మీథేన్ వెలువడుతుంది, వాతావరణాన్ని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు తీవ్రమైన వాయువు. కూరగాయల తొక్కలు, టీ పొడి, ఎండుటాకులను చిల్లులు పెట్టిన డ్రమ్ములో పొరలుగా వేసి, కాస్త పుల్ల మజ్జిగ చల్లి, అప్పుడప్పుడూ కలిపితే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. పుస్తకాల్లో ఇంతటితో ఆగుతారు గాని, మాంసం ఎముకలు ఆ డ్రమ్ములో వేస్తే ఎలుకలూ దుర్వాసనా తప్పవు కనుక పాత బస్తీ వంటిళ్లకు ఈ పద్ధతి సగమే పరిష్కారం.

ధరకూ చెత్తకూ ఉన్న సంబంధాన్ని ఇక్కడివారికి అన్నింటికంటే బాగా చూపించింది బక్రీదు తోలు. ఖుర్బానీ ఇచ్చిన పశువు తోలును మదర్సాలకు దానం చేయడం, వారు దాన్ని వ్యాపారులకు అమ్మడం, అది ఉప్పు పట్టించుకుని చర్మశుద్ధి కేంద్రాలకు వెళ్లడం చాలాకాలంగా సాగిన ఏర్పాటు. కొన్ని గంటల్లో ఉప్పు పట్టించకపోతే తోలు పాడవుతుందని తెలిసినా, ధర ఉన్నన్నాళ్లూ ఆ తొందరను ఎవరో ఒకరు భరించారు. ఇటీవలి సంవత్సరాల్లో ధర పడిపోయేసరికి మదర్సాల ఆదాయం తగ్గింది, ఒకప్పటి దానం మోయడానికి భారమైంది. వస్తువు మారలేదు, ధర మారింది.

ఈ దృష్టితో చూస్తే అసలు చిక్కు మొదటినుంచీ ధర లేని వస్తువులతోనే. చాయ్ తాగి పడేసే కాగితపు కప్పు లోపల పల్చని పాలిథీన్ పొర ఉంటుంది, చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరలు, లోహపు పూత విడదీయలేనంతగా అతుక్కుని ఉంటాయి, థర్మాకోల్ బండెడున్నా బరువు తూగదు. ఇవి చివరికి నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరతాయి. అక్కడి విద్యుత్ కేంద్రంలో కాలగలిగినవి కాలుతాయి, కాని అది రీసైక్లింగ్ కాదు, పదార్థాన్ని శాశ్వతంగా పోగొట్టుకోవడం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను మార్కెట్లోకి వదిలే కంపెనీలు నిర్ణీత మోతాదులో దాన్ని రీసైకిల్ చేయించాలి, లేదా రీసైక్లర్ల నుంచి ఆ మేరకు సర్టిఫికెట్లు కొనాలి; దీన్నే తయారీదారు విస్తృత బాధ్యత అంటారు. ఆ డబ్బులో కొంత గల్లీలోని తక్కెడ దాకా దిగివస్తే చిప్స్ ప్యాకెట్‌కు కూడా కిలోకింత అని ధర పలుకుతుంది. సర్టిఫికెట్లు ఇవ్వగలిగేది మాత్రం రిజిస్టరైన యూనిట్లే, తోపుడు బండి మనిషి ఆ లెక్కల్లో లేడు.