ఎండదారిలో గుక్కెడు నీరు

మనలో అనేక కుటుంబాలు నివసించే ఆర్.కె. పురంలో, సెక్టార్ 5 నందు, లోదీల కాలపు సమాధి మందిరాల నడుమ ఒక పురాతనమైన మెట్లబావి ఉన్నది. వజీర్‌పూర్ గుంబద్ పేరుతో ప్రసిద్ధమైన ఆవరణ అది. ఆరావళీ కొండల అంచున గల ఈ మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు బాటసారుల దాహం తీర్చినవి ఇటువంటి బావులే.

అయితే కొన్ని ప్రాంతాలలో మెట్లబావులే వ్యాధికి నిలయాలు కూడా అయినవి. నారికురుపు సోకినవారు మెట్లు దిగి నీటిలో కాలు పెట్టగానే పుండు నుండి పురుగు పిల్లలు నీటిలో చేరేవి. వాటిని సైక్లాప్స్ అనే అతిసూక్ష్మ జలజీవి మింగేది. ఆ నీరు త్రాగినవారికి సుమారు ఏడాది తరువాత రెండు మూరల వరకు పొడవైన పురుగు చర్మాన్ని చీల్చుకొని వెలువడేది. ఈ వ్యాధికి టీకా లేదు. అయినా 1983-84లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం, బావుల సంస్కరణతోను, నీటిని గుడ్డతో వడకట్టే అలవాటుతోను దీనిని రూపుమాపినది. 1996లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో చివరి రోగి కనిపించగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఈ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ధ్రువీకరించినది.

వడపోత విలువతోపాటు దాని పరిమితిని కూడా పాదచారులు గ్రహించాలి. గుడ్డకు సైక్లాప్స్ చిక్కుతుంది గాని, విరేచనాలు, టైఫాయిడ్ కలిగించే క్రిములు చిక్కవు.

సెలవులలో ఆరావళీ కొండలలోనో, శివరాత్రికి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికో కాలినడకన వెళ్లేవారు ముందుగా నీటి లెక్క చూసుకోవాలి. ఎండలో నడిచే మనిషికి రోజుకు సుమారు నాలుగు లీటర్లు కావాలి. లీటరు నీరు కిలో బరువు. మూడు రోజులకు పన్నెండు కిలోలు! అంత బరువు మోయడం కష్టం గనుక, తదుపరి నీటి వసతి ఎక్కడున్నదో స్థానికులను విచారించి, అక్కడివరకు సరిపడే నీటితోపాటు కొంత అదనంగా తీసుకొనవలెను. నీటిని ఒకే పాత్రలో గాక రెండు మూడు సీసాలలో ఉంచితే, ఒకటి పగిలినా ప్రాణాపాయం ఉండదు.

దారిలో దొరికిన నీటిని మొదట తేరనివ్వాలి. చిల్లగింజ అరగదీసి కలపడం మన పెద్దలెరిగిన ఉపాయమే. పిదప దళసరి గుడ్డను మడతలు వేసి వడకట్టి, ఒక నిమిషం పాటు తెర్లకాచాలి. నిప్పు రాజేయరాని అడవులలో క్లోరిన్ బిళ్ల వేసి, కనీసం అరగంట ఆగాలి. బురదనీటిలో బిళ్ల సరిగా పనిచేయదు గనుక తేర్చడం, వడకట్టడం మానరాదు. ఇప్పుడు లభించే సన్నని గొట్టాల ఫిల్టర్లు బాక్టీరియాను ఆపుతాయి గాని, అంతకన్న సూక్ష్మమైన వైరస్‌లను చాలావరకు ఆపలేవు. ఉప్పును, పురుగుమందులను, కర్మాగారాల వ్యర్థాలను ఈ పద్ధతులేవీ తొలగించవు. అటువంటి నీటిని విడిచిపెట్టడమే మేలు.

సగం నీరు అయిపోయి, ముందున్న వసతి సంగతి నిశ్చయంగా తెలియనప్పుడు, ముఖ్యంగా పిల్లలు వెంట ఉన్నప్పుడు, వెనుదిరగడమే వివేకం. నీరు దొరికిన చోట అందులో కాలు పెట్టక, పాత్రతో ముంచుకొని, స్నానపానాదులు దూరంగా జరుపుకొనవలెను. మన వెనుక వచ్చే బాటసారి త్రాగవలసినది కూడా ఆ నీరే.